పెద్దారవీడు నుంచి సింగపూర్ దాకా

సింగపూర్ ఒక ద్వీపం, ఒక నగరం, ఒక దేశం. మూడూ ఒకటే. మలేసియా కొసన, భూమధ్యరేఖకు సుమారు 137 కిలోమీటర్ల ఉత్తరాన ఉంటుంది. విస్తీర్ణం దాదాపు 735 చదరపు కిలోమీటర్లు. పెద్దారవీడు ఉన్న పాత ప్రకాశం జిల్లా విస్తీర్ణం 17,626 చదరపు కిలోమీటర్లు కాబట్టి, ఆ ఒక్క జిల్లాలోనే ఇలాంటి దేశాలు ఇరవై మూడు, ఇరవై నాలుగు పడతాయి. జనం మాత్రం 60 లక్షల మంది. 1965 ఆగస్టు 9న మలేసియా నుంచి విడిపోయి స్వతంత్ర దేశమైన నాటికి అక్కడున్న నేల 580 చదరపు కిలోమీటర్లే. మిగిలినదంతా ఆ తర్వాత సముద్రాన్ని పూడ్చి కలుపుకున్నది. గనులు లేవు, చెప్పుకోదగ్గ సేద్యం లేదు, పెద్ద ఏరు లేదు. ఉన్నవాటిలో ఎత్తయిన కొండ బుకిట్ తిమా ఎత్తు 163 మీటర్లు. నల్లమల అంచున పుట్టి పెరిగినవాళ్లు దాన్ని గుట్ట అంటారు. అందుకే సింగపూర్‌లో సందర్శకులు చూసేదాంట్లో దేవుడిచ్చింది తక్కువ, మనిషి కట్టింది ఎక్కువ. పిల్లాపాపలతో, అవ్వాతాతలతో అక్కడికి వెళ్లే కుటుంబం ఏది ఎందుకు కట్టారో తెలుసుకుని చూస్తే ఖర్చుకు ఫలితం దక్కుతుంది. లేకపోతే ఫొటోలు దక్కుతాయి.

తెలుగువారికి ఈ నగరం పేరు కొత్త కాదు. ఊరికి సిమెంటు రోడ్డు పడితే సింగపూర్ చేస్తున్నామని నాయకులు చెప్పుకోవడం, జనం నవ్వుకోవడం రెండూ చాలాకాలంగా ఉన్నవే. రాష్ట్ర విభజన తర్వాత రాజధాని అమరావతికి ప్రణాళికలు గీసింది సింగపూర్ సంస్థలే. అక్కడ స్టార్టప్ ప్రాంతం అభివృద్ధికి 2017లో అసెండాస్ సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ సంస్థల కూటమితో ఒప్పందం కుదిరింది. 2019 నవంబరులో అది రద్దయింది. ఈ నడుమ, 2017 చివర్లో, రాజధానికి భూములిచ్చిన రైతుల్లో లాటరీ ద్వారా కొందరిని ఎంపిక చేసి జట్లు జట్లుగా సింగపూర్ పంపారు. అంతవరకు విమానం ఎక్కని పల్లెటూరి రైతులు ఆ నగరాన్ని చూసి వచ్చిన సందర్భం అది. ఇప్పుడు వెళ్తున్నవారిలో ఎక్కువమంది కొడుకో కూతురో అక్కడ ఉద్యోగం చేస్తుంటే చూడబోయే తల్లిదండ్రులు, లేదా వేసవి సెలవుల్లో ట్రావెల్ ఏజెంటు ప్యాకేజీ మీద బయలుదేరే కుటుంబాలు.

ప్రయాణం కాగితాలతో మొదలవుతుంది. భారతీయులకు సింగపూర్ వీసా తప్పనిసరి. అది ఎలక్ట్రానిక్ వీసాగా వస్తుంది. ఆ దేశ హైకమిషన్ గుర్తించిన ఏజెంటు ద్వారా గానీ, అక్కడే ఉంటున్న బంధువు ద్వారా గానీ దరఖాస్తు చేస్తారు. ప్రభుత్వానికి చెల్లే రుసుము 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు కమీషన్ వేరు. సింగపూర్ డాలరు విలువ అరవై రూపాయలకు పైనే. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. అక్కడ దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు అరైవల్ కార్డును ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. అయినా దీనికి డబ్బు గుంజే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క పని పిల్లలు దగ్గరుండి చేయించడం మంచిది.

పెద్దారవీడు నుంచి బయలుదేరేవారు విమానం ఎక్కేది హైదరాబాద్ శంషాబాద్‌లో. దోర్నాల, శ్రీశైలం మీదుగా వెళ్లే ఘాట్ రోడ్డు పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి తొమ్మిదినుంచి తెల్లవారి ఆరు దాకా అటవీ చెక్‌పోస్టుల్లో వాహనాలను వదలరు. సింగపూర్ విమానాలు ఎక్కువగా రాత్రివేళ ఉంటాయి, మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. కాబట్టి పొద్దున బయలుదేరితే ఆ దారి, ఆలస్యమైతే యర్రగొండపాలెం, మాచర్ల, సాగర్ మీదుగా ఇంకో దారి. విజయవాడ నుంచి 2018 డిసెంబరులో నేరుగా సింగపూర్‌కు విమానం మొదలై కొన్ని నెలలకే ఆగిపోయింది. ఇలాంటి సర్వీసులు వస్తూ పోతూ ఉంటాయి కనుక టికెట్లు కొనే రోజున టైంటేబుల్ చూసుకోవాలి. హైదరాబాద్ నుంచి ఆకాశంలో ఉండేది నాలుగున్నర గంటలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. రాత్రి ఎక్కినవారికి దిగేసరికి తెల్లవారిపోతుంది. నిద్ర సగమే పడుతుంది. మొదటిరోజు పెద్ద కార్యక్రమం పెట్టుకోకూడదని అనుభవం ఉన్న ఏజెంట్లు చెప్పేది ఇందుకే.

సామాన్లు సర్దేటప్పుడు ఒక సంగతి మరచిపోకూడదు. మాంసం కూరల మసాలాలో వేసే గసగసాలను అనుమతి లేకుండా ఆ దేశంలోకి తీసుకెళ్లడం నేరం. అవి నల్లమందు మొక్క గింజలు, మాదకద్రవ్యాల చట్టం అక్కడ అతి కఠినం. గుట్కా, ఖైనీ, జర్దా పూర్తిగా నిషేధం. సిగరెట్లకు ఒక్కదానికి కూడా సుంకం మినహాయింపు లేదు. ఎవరో తెలిసినవాళ్లు, అక్కడున్న మా వాళ్లకివ్వండి అని మూట చేతిలో పెడితే, విప్పి చూడకుండా తీసుకోకూడదు. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మాదకద్రవ్యాల రవాణాకు అక్కడ మరణశిక్ష ఉంది. ఇంకొకటి చిన్నది: గోడ సాకెట్లలో పట్టేవి పలకల పిన్నులు మూడుండే ప్లగ్గులే. మన ఫోన్ చార్జర్ అందులో పట్టదు. పది రూపాయల ప్లగ్గు కోసం రాత్రి పది గంటలకు వీధిలో వెతుక్కోవడం కంటే ఇక్కడే అడాప్టర్ కొనుక్కుపోవడం నయం.

చాంగీ విమానాశ్రయం 1981లో మొదలైంది. చాలా దేశాల్లో విమానాశ్రయం దాటిపోవలసిన చోటు. ఇక్కడ అదే మొదటి చూడదగ్గ చోటు. టెర్మినళ్ల నడుమ 2019లో తెరిచిన జ్యూయెల్ అనే గాజు గోపురం కింద, 40 మీటర్ల ఎత్తునుంచి నీళ్లు పడతాయి. కట్టడం లోపల ఉన్న జలపాతాల్లో ప్రపంచంలో ఇంతకంటే ఎత్తయినది లేదు. పైకప్పు మీద పడిన వానను పట్టి దీనికి వాడుకుంటారు. ఈ గోపురాన్ని గీసిన వాస్తుశిల్పి మోషే సఫ్దీ. సాయంత్రం కుటుంబం వెళ్లి చూసే మరీనా బే శాండ్స్ కూడా ఆయనదే. జ్యూయెల్ చూడటానికి టికెట్టు లేదు.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి టాక్సీ ఉంది గానీ, సామాను తక్కువైతే మెట్రో మేలు. ఎం.ఆర్.టి. అని పిలిచే ఈ మెట్రో 1987 నవంబరు 7న మొదలైంది. ఇప్పుడు ఆరు లైన్లు నడుస్తున్నాయి, కొన్నింటికి డ్రైవరే లేడు. టికెట్టు కొనే బెడద పెద్దగా లేదు. బ్యాంకు కార్డును గేటుకు తాకించి లోపలికి వెళ్లడం, దిగేచోట మళ్లీ తాకించడం, అంతే. మనిషికొక కార్డు ఉండాలి. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. 0.9 మీటరు లోపు ఎత్తున్న పిల్లలకు చార్జీ లేదు. బండిలో తిన్నా, తాగినా జరిమానా 500 డాలర్ల వరకు పడవచ్చు. మంచినీళ్ల గుక్కకు కూడా ఇదే నియమం. వాసన గట్టిగా వచ్చే డూరియన్ పండును లోపలికే రానివ్వరు. ఎస్కలేటర్ మీద నిలబడేవారు ఎడమవైపు, నడిచేవారు కుడివైపు. అడ్డంగా నిలబడి కబుర్లాడుకుంటే ఎవరూ ఏమీ అనరు, వెనక క్యూ మాత్రం పెరుగుతుంది.

కుటుంబాలు బస చేసేది ఎక్కువగా లిటిల్ ఇండియాలో. సెరంగూన్ రోడ్డు ఈ పేటకు నడుమ వీధి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ పశువుల వ్యాపారం జరిగేది. పక్కనున్న బఫెలో రోడ్డు పేరు ఆనాటిదే. ఇప్పుడు ఆ వీధుల్లో మల్లెపూల దండలు, కరివేపాకు, ములక్కాయలు, బంగారు కొట్లు కనిపిస్తాయి. టెక్కా మార్కెట్ కింది అంతస్తులో కూరగాయలు, చేపలు, భోజనం కొట్లు, పైన చీరలు, రెడీమేడ్ బట్టలు. ముస్తఫా సెంటర్‌లో సూదినుంచి సూట్‌కేసు దాకా దొరుకుతుంది. చాలా కుటుంబాల ఆఖరి రోజు అక్కడే గడిచిపోతుంది. బోర్డుల మీద తమిళం, మాటల్లో తమిళం. సింగపూర్ నాలుగు అధికార భాషల్లో ఇంగ్లీషు, చైనీస్, మలయ్‌తోపాటు తమిళం ఉంది. తెలుగుకు ఆ హోదా లేదు. బడుల్లో మాతృభాషగా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు, ఆ జాబితాలోనూ తెలుగు లేదు. అక్కడి తెలుగు పిల్లలు బడిలో హిందీయో తమిళమో చదువుకుని, తెలుగు అక్షరాలను ఇంటిలోనో వారాంతపు తరగతుల్లోనో దిద్దుకుంటున్నారు. 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం ఉగాది, సంక్రాంతి వేడుకలు జరుపుతూ వస్తోంది.

సెరంగూన్ రోడ్డులోనే శ్రీ శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉంది. మూలం 1855 నాటిది. మొదట నరసింహ పెరుమాళ్ కోవెలగా ఉండేది. 1978లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఐదంతస్తుల రాజగోపురం వీధి చివరినుంచే కనబడుతుంది. మార్కాపురం చెన్నకేశవుడి గుడికి అలవాటుపడిన కళ్లకు రంగులు కొంచెం ఎక్కువనిపిస్తాయి, పూజ మాత్రం తెలిసినదే. పుష్యమాసంలో తైపూసం నాడు కావడి మోసే భక్తుల ఊరేగింపు ఈ గుడినుంచి బయలుదేరి ట్యాంక్ రోడ్డులోని సుబ్రహ్మణ్యుడి కోవెల దాకా సాగుతుంది. చైనాటౌన్ నడిబొడ్డున, సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో, 1827లో స్థాపించిన శ్రీ మారియమ్మన్ కోవెల ఊళ్లో అన్నింటికంటే పాత హిందూ దేవాలయం. చైనావారి పేటలో అమ్మవారి గుడి, దానికి రెండడుగుల దూరంలో మసీదు ఉండటం చూసి ఆశ్చర్యపడేవారు ఉంటారు. బ్రిటిషువారు జాతికొక పేట కేటాయించినా, రేవుకు దగ్గరగా అందరూ కలిసి దిగిన వీధి అది.

పొద్దునపూట చల్లగా ఉన్నప్పుడు వెళ్లవలసినది బొటానిక్ గార్డెన్స్. 1859లో పెట్టిన ఈ తోటను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రవేశం ఉచితం. లోపలున్న ఆర్కిడ్ తోటకు మాత్రం టికెట్టు. ఎక్కువమంది ఆర్కిడ్లు చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తారు. ఈ తోటకు తెలుగువారి చరిత్రతో ఉన్న లంకె సాధారణంగా గైడ్లు చెప్పరు. 1877లో లండన్ క్యూ గార్డెన్స్ నుంచి రబ్బరు మొక్కలు ఇక్కడికి వచ్చాయి. 1888లో తోట బాధ్యత తీసుకున్న హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా బెరడు మీద గాటుపెట్టి పాలు తీసే పద్ధతిని ఇక్కడే రూపొందించాడు. కాఫీ తోటల యజమానుల వెంటపడి రబ్బరు నాటమని పోరాడాడు. మోటారు కార్లు వచ్చి టైర్లకు గిరాకీ పెరిగాక మలయా అంతా రబ్బరు తోటలయింది. ఆ తోటల్లో పనికి కూలీలు కావలసివచ్చారు. తమిళ దేశంతోపాటు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు కంగాణీల (కూలీలను కుదిర్చే మేస్త్రీల) వెంట ఓడలెక్కాయి. పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతో చుట్టుపక్కల కొబ్బరి తోటల్లోనూ తెలుగువారు స్థిరపడ్డారు. వారి వారసులే 1955లో మలయా ఆంధ్ర సంఘం స్థాపించారు. అదే ఇప్పటి మలేసియా తెలుగు సంఘం. నేడు సింగపూర్ ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందున్న తెలుగువారు 1990ల తర్వాత వచ్చినవారు. వారికీ ఆ తోట కూలీలకూ నడుమ నూరేళ్ల దూరం ఉంది.

నగరం ముఖచిత్రం మరీనా బే. మూడు హోటల్ బురుజుల నెత్తిన ఓడలాంటి తోట, 2010లో తెరిచిన మరీనా బే శాండ్స్. పైనున్న స్కైపార్క్ పొడవు 340 మీటర్లు, ఎత్తు దాదాపు 200 మీటర్లు. అక్కడి ఈతకొలను హోటల్లో దిగినవారికే. మిగిలినవారు టికెట్టు కొని పరిశీలన వేదిక దాకా వెళ్లవచ్చు. ఎదుటి ఒడ్డున సింహం తల, చేప తోకతో మెర్లయన్. 8.6 మీటర్ల ఈ విగ్రహాన్ని 1972లో నదీముఖం దగ్గర నిలబెట్టారు. ఎదురుగా వంతెన కట్టాక అది కనబడకుండా పోయిందని 2002లో ఇప్పటి చోటికి జరిపారు. ఇదేదో పురాణ జంతువని పిల్లలకు చెప్పనక్కర్లేదు. పర్యాటక శాఖ గుర్తుగా 1960లలో తయారుచేసుకున్న బొమ్మ. పురాణం లేని ఊరు పురాణాన్ని కూడా కట్టుకుంది. 165 మీటర్ల ఎత్తు రంగులరాట్నం సింగపూర్ ఫ్లయర్ ఇక్కడే ఉంది. స్కైపార్క్ ఎక్కినవారు మళ్లీ దీనికి డబ్బు పెట్టనవసరం లేదు, రెండు చోట్లనుంచీ కనిపించేది ఒకటే ఊరు.

పక్కనున్న గార్డెన్స్ బై ది బే 2012లో తెరిచారు. 101 హెక్టార్లు, అంతా పూడ్చిన నేల మీద. సూపర్‌ట్రీలనే ఇనుప చెట్లు పద్దెనిమిది, 25 నుంచి 50 మీటర్ల ఎత్తు. వాటికి నిజమైన తీగలు అల్లుకుని ఉంటాయి. రెండు గాజు గృహాలకు టికెట్టు ఉంది. వాటిలో క్లౌడ్ ఫారెస్ట్‌లో 35 మీటర్ల జలపాతం, కొండ మంచు ఉంటాయి, ఎండకు సొమ్మసిల్లిన పెద్దలకు మధ్యాహ్నం రెండు గంటలు హాయిగా గడుస్తాయి. ఆరుబయటి తోట ఉచితం. పొద్దు అక్కడ ఏడాది పొడవునా ఏడు గంటల ప్రాంతంలో గూకుతుంది. తర్వాత 7.45కు, 8.45కు సూపర్‌ట్రీల కింద సంగీతంతో దీపాల ప్రదర్శన ఉంటుంది. నేల మీద వెల్లకిలా పడుకుని చూసేవాళ్లే ఎక్కువ. మరీనా బే ఒడ్డున ప్రతి రాత్రీ నీళ్ల మీద వేసే కాంతి ప్రదర్శన కూడా ఉచితమే.

ప్యాకేజీ బస్సులు ఎక్కువగా ఆగని చోటు ఒకటుంది. పశ్చిమ ప్రకాశం నుంచి వెళ్లినవారు తప్పక చూడవలసినది మాత్రం అదే. తోటకు నడక దూరంలో ఉన్న మరీనా బ్యారేజీ. 2008లో పూర్తయిన ఈ 350 మీటర్ల అడ్డుకట్టకు తొమ్మిది గేట్లు. ఒకవైపు సముద్రం, మరోవైపు మంచినీళ్ల చెరువు. ఇంతకుముందు దాకా చూసిన మరీనా బే అంతా సముద్రం కాదు, ఈ కట్ట వెనక నిలిచిన జలాశయం. నగరం నడుమ పదివేల హెక్టార్ల మీద కురిసిన వాన కాలువల గుండా ఇందులోకి చేరుతుంది. కట్టేనాటికి నీరు ఉప్పునీరే. వానలు పడి పడి, ఉప్పు బయటికి పోయి, 2010కి మంచినీరైంది. పెద్ద వాన వచ్చినప్పుడు సముద్రం పాటు మీద ఉంటే గేట్లు దించి అదనపు నీటిని వదిలేస్తారు. పోటు మీద ఉంటే గేట్లు తెరవరు, ఏడు భారీ పంపులతో నీటిని సముద్రంలోకి ఎత్తిపోస్తారు. పల్లపు పేటలు మునగకపోవడానికి కారణం ఇదే. పైకప్పు మీద పచ్చిక పెంచారు. సాయంత్రాలు కుటుంబాలు గాలిపటాలు ఎగరేస్తాయి. లోపలి గ్యాలరీ సహా దేనికీ టికెట్టు లేదు.

ఈ కట్ట వెనక పెద్ద కథ ఉంది. సింగపూర్‌లో వానకు కొదవలేదు. ఏడాదికి సుమారు 2,400 మిల్లీమీటర్లు, పాత ప్రకాశం జిల్లా సగటుకు రెండున్నర రెట్లకు పైన. కొరత పడేది వానను నిలుపుకునే నేలకు. అందుకే 1962 ఒప్పందం ప్రకారం జలసంధి దాటి మలేసియాలోని జొహోర్ నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చుకుంటోంది. ఆ ఒప్పందం 2061తో ముగుస్తుంది. పొరుగువాడి దయ మీద గొంతు తడుపుకోవడం ఎంత ప్రమాదమో 1942లోనే తెలిసింది. ఆ ఫిబ్రవరి 15న బ్రిటిష్ సైన్యం జపానుకు లొంగిపోవడానికి కారణాల్లో నీటి సరఫరా చేజారిపోవడం ఒకటి. స్వతంత్రం వచ్చాక ప్రధాని లీ క్వాన్ యూ ప్రభుత్వం 1977లో సింగపూర్ నదిని బాగుచేసే పని మొదలుపెట్టింది. పందుల దొడ్లు, పడవల మురికి, వీధి వంటల వ్యర్థాలు కలిసి కంపుకొట్టే నది అది. పదేళ్లు పట్టింది. ఆ నది శుభ్రం కాకపోతే దాని ముఖాన మంచినీటి చెరువు కట్టే ఆలోచనే సాధ్యమయ్యేది కాదు. ఇప్పుడు ద్వీపంలో జలాశయాలు పదిహేడు. వాటికి తోడు వాడిన నీటిని తాగే స్థాయికి శుద్ధిచేసే న్యూవాటర్ 2003లో, సముద్రపు నీటిని మంచినీరు చేసే కేంద్రం 2005లో వచ్చాయి. హోటల్ గదిలో కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు. ఫ్లోరైడ్ భయంతో క్యాన్ల నీళ్లు కొనుక్కుని తాగే ప్రాంతంనుంచి వెళ్లినవారు దీన్ని మొదటిరోజు నమ్మరు, సీసాలు కొంటారు.

మరీనా బ్యారేజీని తప్పక చూడమనడానికి కారణం ఇంటి దగ్గరే ఉంది. పెద్దారవీడు మండలంలోనే సుంకేసుల గ్యాప్ ఉంది. వెలిగొండ ప్రాజెక్టులో కొండల నడుమ సందులను మూసి నల్లమల సాగర్ నిలిపేందుకు కట్టిన ఆనకట్టల్లో అదొకటి. గొట్టిపడియ, కాకర్ల మిగతా రెండు. శ్రీశైలం జలాశయం వెనకనుంచి కొండ కింద 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల్లో 43.5 టి.ఎం.సి. కృష్ణా నీళ్లు తేవాలన్నది ప్రణాళిక. 1996లో శంకుస్థాపన జరిగింది. మరీనా బ్యారేజీకీ దీనికీ కొలతల్లో పోలిక లేదు. వెలిగొండ తలపెట్టిన పని చాలా పెద్దది, తవ్వవలసిన రాయి చాలా గట్టిది. కట్టను చూసి దాని పనితీరు అడిగి తెలుసుకునే ఓపిక మాత్రం ఆ ప్రాంతపు రైతు కుటుంబానికి ఇంకెవరికంటే ఎక్కువే ఉంటుంది.

పిల్లల కోసం ఒక రోజు మందాయికి కేటాయించాలి. అక్కడ 1973లో తెరిచిన జంతుప్రదర్శనశాలలో బోనులకు బదులు కందకాలు, నీటి పాయలు అడ్డుంటాయి. ఒరాంగుటాన్లు నెత్తిమీది కొమ్మల్లో తిరుగుతాయి. 1994లో మొదలైన నైట్ సఫారీ ప్రపంచంలో ఆ తరహాలో మొదటిది. పక్షుల కోసం 2023లో బర్డ్ ప్యారడైజ్ తెరిచారు. అన్నీ పక్కపక్కనే ఉన్నా ఒకేరోజు అన్నీ చూద్దామనుకుంటే పిల్లలకంటే ముందు పెద్దల కాళ్లు మొరాయిస్తాయి. మెట్రో అక్కడిదాకా లేదు, ఖాతిబ్ స్టేషన్ నుంచి బస్సు ఉంది. సెంటోసా ద్వీపం సంగతి తొందరగా చెప్పుకోవచ్చు: యూనివర్సల్ స్టూడియోస్, సముద్రపు చేపల ప్రదర్శన, ఇసుక తీరాలు, మౌంట్ ఫేబర్ నుంచి 1974లో వేసిన కేబుల్ కారు. టికెట్లు ఖరీదు, క్యూలు పొడవు. రైడ్లు ఎక్కే వయసు పిల్లలు లేని కుటుంబం కేబుల్ కారులో వెళ్లి సాయంత్రానికి తిరిగిరావచ్చు.

చరిత్ర మీద ఇష్టమున్నవారు ఎస్ప్లనేడ్ పార్కులో ఆజాద్ హింద్ ఫౌజ్ గుర్తుగా పెట్టిన ఫలకం చూడాలి. 1943 అక్టోబరు 21న నేతాజీ సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించింది ఈ నగరంలోనే, కేథే భవనంలో. తోటల్లో పనిచేసే దక్షిణాది కూలీలు ఆ సైన్యంలో పెద్దసంఖ్యలో చేరారు. నగరాన్ని ఎలా కట్టారో తెలియాలంటే మాక్స్‌వెల్ రోడ్డులోని సిటీ గ్యాలరీ. నగరం మొత్తం నమూనా ఒకే గదిలో ఉంటుంది, ఉచితం. 1960లో ఏర్పడిన గృహనిర్మాణ సంస్థ హెచ్.డి.బి. కట్టిన ఫ్లాట్లలోనే దేశ జనాభాలో ముప్పావు వంతుకు పైగా ఉంటున్నారు. సింగపూర్ అంటే ఆకాశహర్మ్యాలే అనుకునేవారు మెట్రోలో నాలుగు స్టేషన్లు ఊరి బయటికి వెళ్లి, ఆ ఫ్లాట్ల కింద బల్లల మీద ముసలివాళ్లు చదరంగమాడుతుంటే చూడటం మంచిది.

తిండి విషయంలో బెంగ అక్కర్లేదు. వీధి బండ్ల వంటవాళ్లను 1970లలో ఒకచోటికి చేర్చి కుళాయి, మురుగు కాలువ, కప్పు ఇచ్చిన ఏర్పాటే హాకర్ సెంటర్. ఇప్పుడివి వందకు పైగా ఉన్నాయి. ఈ తిండి సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చుకుంది. బల్ల మీద కాగితపు రుమాళ్ల ప్యాకెట్టు కనిపిస్తే ఆ సీటు ఎవరో ఆపుకున్నారని అర్థం, ఎవరూ తీసేయరు. తిన్నాక పళ్లెం మనమే తీసుకెళ్లి అప్పగించాలి. 2021నుంచి అది నిబంధన. శాకాహారులు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మలయ్ కారప్పచ్చడి సంబల్‌లో ఎండురొయ్యల ముద్ద ఉంటుంది. కూరగాయల వేపుడులోనూ ఆల్చిప్పల సాస్ పోయవచ్చు. సెరంగూన్ రోడ్డులో 1947నుంచి ఉన్న కోమల విలాస్ లాంటి శాకాహార హోటళ్లలో దోసె, అన్నం నిశ్చింతగా తినవచ్చు. మాంసాహారులు రేస్ కోర్స్ రోడ్డులో చేప తలకాయ కూర రుచి చూడవచ్చు. దక్షిణ భారత పులుసులో చైనావారికి ఇష్టమైన చేప తల వేసి సింగపూర్‌లోనే పుట్టించిన వంటకం. గోంగూర మీద మనసుపోయినవారికి తెలుగు భోజనశాలలూ ఉన్నాయి. ధర చూశాక మనసు మళ్లే అవకాశమూ ఉంది.

ఎండ పెద్దగా 33 డిగ్రీలు దాటదు. మే నెల మార్కాపురం ముందు అదేమంత లెక్కకాదు. ఉక్కపోత మాత్రం ఎక్కువ, మధ్యాహ్నం వాన ఎప్పుడైనా రావచ్చు. నవంబరునుంచి జనవరి దాకా ముసురు. గొడుగు సంచిలోనే ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు రోజుకు రెండు చోట్లకు మించి పెట్టకూడదు. చక్రాల కుర్చీ తోసుకుపోవడానికి స్టేషన్లన్నిటా లిఫ్టులున్నాయి. చ్యూయింగ్ గమ్ అమ్మకం, దిగుమతి 1992నుంచి నిషేధం. ఉమ్మినా, చెత్త వేసినా జరిమానా. రోడ్డు దాటేది దీపం పచ్చగా మారాకే.

తిరుగు ప్రయాణానికి ముందు కొన్న సరుకుల బిల్లులు భద్రంగా ఉంచుకోవాలి. 2024 జనవరినుంచి అక్కడ జి.ఎస్.టి. 9 శాతం. ఈ సదుపాయమున్న దుకాణాల్లో కనీసం 100 డాలర్ల సరుకు కొన్న పర్యాటకులకు, ఆ సరుకును తమవెంట దేశం దాటిస్తే ఆ పన్నులో చాలా భాగం వెనక్కు వస్తుంది. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపించాలి. చాంగీలో సామాను బరువు తూచి అప్పగించకముందే యంత్రం దగ్గర నమోదు చేసుకోవాలి. అధికారులు వస్తువులు చూపమని అడగవచ్చు కనుక వాటిని పెట్టె అడుగున సర్దకూడదు. బంగారం కొన్నవారు భారత కస్టమ్స్ పరిమితిని ముందే తెలుసుకుని, దాటితే శంషాబాద్‌లో ఎర్ర ద్వారం దగ్గర చెప్పి సుంకం కట్టాలి. తీసుకెళ్లిన పాత నగలకు వెళ్లేటప్పుడే కస్టమ్స్ అధికారులతో ధ్రువపత్రం రాయించుకుంటే, వచ్చేటప్పుడు అవి ఎక్కడివని ఎవరూ అడగరు.